పసుపు పూసిన సెన్సార్లు

నేల మీద గోనెపట్టా పరిచి నట్టు నట్టుగా విప్పి పెట్టిన పంపు ఒకటి, గోడ మీది తెరలో మాత్రం నిక్షేపంగా తిరుగుతూ, పైగా ఒళ్ళంతా వణికిపోతూ కనిపించింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఇంతకన్నా నవ్వు తెప్పించిన దృశ్యం మరొకటి లేదు. ఆ రోజు మాత్రం నవ్వు వెంటనే రాలేదు. ముందు చెమట పట్టింది.

పాతబడిన యంత్రాల ఆరోగ్యం కనిపెట్టే సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, ఇందులో ఏం నేర్చుకోవాలండీ అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఉండదు. అవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి. నేను చేసిన తప్పుల గురించి ఉంటుంది. అవి మాత్రం వేళకే వచ్చాయి.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. టెక్కలిలో డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో ఒక దినపత్రికకు రెండేళ్ళు విలేకరిగా పనిచేశాను. మా డెస్కు ఇన్‌చార్జి కోపిష్ఠి. "చూసింది రాయి. విన్నది ఎవరి నోట విన్నావో రాయి. నీకు అనిపించింది మీ ఆవిడకు చెప్పుకో" అనేవారు. నాకప్పటికి పెళ్ళి కాలేదు కాబట్టి చాలా అభిప్రాయాలు లోపలే ఉండిపోయాయి. ఆ రెండేళ్ళ చదువు తర్వాతి ముప్పై ఏళ్ళూ నాకు పనికొచ్చింది. పనికిరాని రోజు ఒకటే ఉంది. నేను చెప్పబోయేది ఆ రోజు గురించే.

ఊక కంపెనీ

పలాసకూ టెక్కలికీ మధ్య, హైవే నుంచి కాస్త లోపలికి మా ప్లాంటు. బోర్డు మీద పెద్ద పేరే ఉండేది గానీ చుట్టుపక్కల ఎవరూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. అందరికీ అది ఊక కంపెనీ. వరి ఊక, పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిక్క తొక్క, ఉద్దానం నుంచి లారీల్లో వచ్చే కొబ్బరి డొక్కలు, ఏది దొరికితే అది కాల్చి, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీసేవాళ్ళం.

ఈ కథకు రెండు యంత్రాలు గుర్తుంటే చాలు. బాయిలర్‌లోని పొగను లాగి చిమ్నీలోకి తోసే పెద్ద ఫ్యాను ఒకటి. బాయిలర్‌కు నీళ్ళు పంపే ఒకటో నంబరు పంపు ఒకటి. పంపుకు తోడుగా రెండో నంబరు ఉంది, ఒకటి చెడితే రెండోది అందుకుంటుంది. ఫ్యానుకు తోడు లేదు. అది ఆగితే అన్నీ ఆగిపోతాయి, పైగా మంట వెనక్కి తన్నుతుంది.

ఎర్రయ్య మా ఫిట్టరు. అక్కుపల్లి మనిషి, సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. అన్నదమ్ములు వలల మీద పడితే ఇతను బోటు ఇంజన్ల మీద పడ్డాడు. కొన్నేళ్ళు గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్లలో ఇంజన్ చూశాడు. ఒకసారి చాలా నెలల తర్వాత ఇంటికి వస్తే సొంత కూతురే ఎవరో కొత్త మనిషి వచ్చాడని తలుపు చాటున దాక్కుందట. మళ్ళీ గుజరాత్ బోటు ఎక్కనని ఆ రోజే ఒట్టేసుకున్నాడు. మా దగ్గర కాంట్రాక్టు ఫిట్టరుగా చేరాడు. ఆ కాంట్రాక్టు ఏటేటా పొడిగిస్తేనే ఉద్యోగం.

అతని ముఖ్యమైన పనిముట్టు కర్ర పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్. మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. తర్వాత తీర్పు చెప్పేవాడు. "ఇసక నమల్తంది" అంటే గ్రీజులో దుమ్ము చేరిందని. "దాహమేత్తంది" అంటే నూనె తగ్గిందని. "పీత గీకతంది" అంటే మాత్రం బేరింగ్ లోపల లోహం పెచ్చులు లేస్తోందని. ఆ మాట వింటే మేమంతా కొత్త బేరింగ్ కోసం స్టోరుకు పరుగెత్తేవాళ్ళం.

నేను పేపరులో పనిచేశానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను పేపరు మావ అనేవాడు. చేరిన కొత్తలో నాకు ఒకసారి ఆ స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. చెవికి పెట్టుకున్నాను. గుయ్యిమంది.

"ఏటి ఇనపడింది మావా?"

"మిషను తిరుగుతోందయ్యా."

"అది దూరాన్నుంచి సూసినా తెలుత్తాది. నిన్న ఇన్నదానికీ ఇయాల ఇన్నదానికీ తేడా ఇనాల."

"నిన్న నేను వినలేదు కదా."

"అయితే రేపు రా."

ఈ రంగం మొత్తం ఈ నాలుగు మాటల్లో ఉంది. మిగతాదంతా బ్యాటరీలు.

బొట్టుబిళ్ళలు

నా ఉద్యోగం చివరి ఏళ్ళకు యంత్రాలకూ వయసు మీద పడింది, నాకూ పడింది. కొత్తవి కొనే ఉద్దేశం హెడ్డాఫీసుకు లేదు. నన్నెలాగూ కొత్తగా కొనలేరు. ఉన్న యంత్రాలు ఏది ఎప్పుడు మొరాయిస్తుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ పెట్టమన్నారు. మా మేనేజరు చక్రధర్ గారు నన్ను పిలిచి, "ఈ వ్యవహారం మీరు చూడండి. మీకు రాయడం వచ్చు కదా" అన్నారు. సాఫ్ట్‌వేర్‌కూ రాయడానికీ సంబంధం ఏమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

చక్రధర్ గారు మంచి మనిషి. ఒకటే బలహీనత, రంగులు. తెర మీద పచ్చరంగు కనిపిస్తే టిఫిన్ రెండు ప్లేట్లు తినేవారు. ఎరుపు కనిపిస్తే ఫోన్ అందుకునేవారు. యంత్రాన్ని వెళ్ళి చూడటం ఆయన అలవాట్లలో లేదు. కొన్నాళ్ళకు ఆ జబ్బు నాకూ అంటుకుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి పేరు సస్మిత. సొంతూరు ఇచ్ఛాపురం. ఇంట్లో ఒడియా, బయట తెలుగు, ఆఫీసులో ఇంగ్లిషు. ఏ భాషలో మాట్లాడుతున్నా లెక్కపెట్టాల్సి వస్తే మాత్రం "ఏక, దుయి, తిని" అంటూ ఒడియాలోకి దూకేసేది. ఆమె పెట్టెలోంచి మూడు సెన్సార్లు తీసింది. గుండ్రటి బిళ్ళలు, వెనక అయస్కాంతం, వైరు లేదు. మొదటి విడతగా టర్బైన్‌కు ఒకటి, ఫ్యానుకు ఒకటి, ఒకటో నంబరు పంపుకు ఒకటి అతికించింది. యంత్రం ఎంత వణుకుతోందో, ఎంత వేడెక్కిందో కొలిచి అవి రోజుకు నాలుగైదు సార్లు కబురు పంపుతాయి.

ఊక యార్డులో ఆడకూలీలకు మేస్త్రి రమణమ్మ. ప్లాంటులో ఆవిడకు తెలియకుండా ఈగ కూడా వాలదు. వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఓలమ్మా, మిషన్లకి బొట్టుబిళ్ళలెడతన్నావేటి గుంటా?"

"సెన్సార్లు పిన్నీ. మిషన్‌కి ఒంట్లో బాగోకపోతే చెప్తాయి."

"మరి ఎర్రయ్యేటి సేత్తాడు?"

సస్మిత నా వైపు చూసింది. నేను చిమ్నీ వైపు చూశాను.

ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే చక్రధర్ గారు నాతో ఒక మాట అన్నారు. "కాంట్రాక్టు ఫిట్టర్లలో ఒకరిని తగ్గించమంటున్నారండీ. చెవితో వినడానికి ఇంకా మనిషి ఎందుకని వాళ్ళ వాదన. దసరా వెళ్ళాక మీరొక రిపోర్టు ఇవ్వండి. లోపాన్ని ముందు పట్టింది సాఫ్ట్‌వేరా, ఎర్రయ్యా? దాన్ని బట్టి పేరు పంపిద్దాం."

ఈ సంగతి ఎర్రయ్యకు నేనే చెప్పాను. వెనకనుంచి తెలిస్తే బాగుండదని.

"అయితే మళ్ళీ గుజరాత్ బోటెక్కాలన్నమాట" అని నవ్వాడు. నవ్వి, స్క్రూడ్రైవర్ తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. అయినా చాలాసేపు తుడిచాడు.

జ్వరం తగ్గినందుకు గంట

మొదటి ఇరవై రోజులు సాఫ్ట్‌వేర్ ఏమీ మాట్లాడదు. ఊరికే చూస్తుంది. ఈ యంత్రం మామూలుగా ఇంత వణుకుతుంది, ఇంత వేడెక్కుతుంది అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత తేడా కనిపిస్తే గంట కొడుతుంది.

మా ఖర్మకొద్దీ ఆ ఇరవై రోజులూ మేం కాల్చింది పిక్క తొక్క. అందులో జిగురు నూనె ఉంటుంది. దాని మసి ఫ్యాను రెక్కలకు తారులా పట్టేస్తుంది. రెక్కలు బరువెక్కి, ఫ్యాను తప్పతాగినవాడిలా ఊగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఊగడాన్ని శ్రద్ధగా నేర్చుకుని, ఫ్యానంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

ఇరవై ఒకటో రోజు ఫ్యాను ఆపి, ఎర్రయ్య లోపలికి దూరి రెక్కల మీది మసంతా గీకేశాడు. మళ్ళీ తిప్పితే ఫ్యాను నున్నగా, పట్టు చీర జారినట్టు తిరిగింది. వెంటనే తెర మీద గంట. ఫ్యాను పరిస్థితి అసాధారణం! చక్రధర్ గారు ఫోన్ చేసేసరికి నా చేతిలో మొదటి ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ఎర్రయ్య మసి మొహంతో వచ్చి తెర ముందు నిలబడ్డాడు. పళ్ళు మాత్రమే తెల్లగా కనిపిస్తున్నాయి.

"జొరం తగ్గిందని అంబులెన్సుకి ఫోన్ సేసినట్టుంది మావా, నీ సాఫ్ట్‌వేర్."

ఆ రోజు యార్డు దాకా అందరూ ఆ మాటే చెప్పుకుని నవ్వారు. సస్మిత కూడా పడి పడి నవ్వి, శుభ్రమైన ఫ్యానుతో దానికి మళ్ళీ పాఠం మొదలుపెట్టించింది. "దీనికి మంచీ చెడూ తెలీదు సార్. తేడా ఒక్కటే తెలుసు" అంది.

నాకు మాత్రం పరువు పోయినట్టయింది. "అమ్మా, వణుకు పెరిగితే గంట కొట్టనీ. తగ్గితే కొట్టకుండా ఆపెయ్" అన్నాను.

"ఆపొచ్చు సార్. కానీ తగ్గడం కూడా ఒక వార్తే కదా."

పేపరులో పనిచేసిన మనిషికి ఆ పిల్ల వార్త అంటే ఏమిటో చెప్పింది. నేను వినలేదు. ఆపించాను, యంత్రం పూర్తిగా ఆగిపోతే మోగే గంట ఒక్కటి తప్ప. నా మొదటి తప్పు అది. చాలామంది ఈ తప్పే చేస్తారు, గంట విసుగు పుట్టిస్తోందని గంట నోరు కట్టేస్తారు.

ఆయుధ పూజ

దసరాకు ప్లాంటు రెండు రోజులు ఆపుతాం. ఏడాదంతా తిట్లు తిన్న యంత్రాలు ఆ ఒక్కరోజు దేవుళ్ళయిపోతాయి. తడిగుడ్డతో తుడుస్తారు, పసుపు రాస్తారు, కుంకం బొట్లు పెడతారు, బంతిపూల దండలు వేస్తారు. ఊక లారీ చక్రాల కింద నిమ్మకాయలు. బాయిలర్ ముందు గుమ్మడికాయ. ఆ రోజు మేనేజరు చెప్పిన మాట కన్నా రమణమ్మ చెప్పిన మాటే చెల్లుతుంది. చక్రధర్ గారిని సైతం చెప్పులు విప్పించి నిలబెట్టింది.

నేను ఒక పక్కన పులిహోర తింటూ ఉన్నాను. రమణమ్మ చేతిలో ఇత్తడి పళ్ళెం కనిపించింది. అందులో పసుపు ముద్ద, కుంకం భరిణె, బంతిపూలు, వాటి మధ్య రెండు గుండ్రటి బిళ్ళలు. కళ్ళతో చూశాను. బుర్రలోకి వెళ్ళలేదు. పులిహోర బాగుంది. ఇది రెండో తప్పు.

పండగ వెళ్ళి ప్లాంటు మొదలైన రోజునే తెర మీద ఒకటో నంబరు పంపు ఎర్రగా మారింది. ఫ్యాను మాత్రం ఎన్నడూ లేనంత పచ్చగా ఉంది.

"చూశారా, పూజ చేశాక ఫ్యాను ఎంత బాగుపడిందో!" అన్నారు చక్రధర్ గారు. "పంపుకే ఏదో దిష్టి తగిలింది."

పండక్కి ఇచ్ఛాపురంలో ఉన్న సస్మిత ఫోన్‌లోనే గ్రాఫు చూసి, "పంపు బేరింగ్‌కి ఏదో అవుతోంది సార్. రోజురోజుకీ ఎక్కుతోంది, వదలకండి" అంది. వెనకనుంచి వాళ్ళమ్మ ఒడియాలో భోజనానికి పిలవడం వినిపిస్తోంది.

ఎర్రయ్య తన స్క్రూడ్రైవర్‌తో ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"మావా, ఫ్యానులో పీత గీకతంది."

"ఫ్యాను పచ్చగా ఉందయ్యా. జబ్బు పంపుకి."

"పంపు బంగారం. ఇందాకే ఇన్నాను."

"తెర మీద ఎర్రగా కనిపిస్తోంది కదా, చూడు."

"నా సెవికి రంగులు కనపడవు మావా. పీత ఇనపడతంది."

నాలుగు రోజులు ఇదే గొడవ. పంపు గ్రాఫు ఎక్కుతూ పోయింది. ఎర్రయ్య ఫ్యాను దగ్గర నిలబడి తల అడ్డంగా ఆడిస్తూనే ఉన్నాడు. అయిదో రోజు పంపు విప్పాలని నిర్ణయించాం. హెడ్డాఫీసు నుంచి ఆ ఉదయమే ఫోన్, రిపోర్టు ఏదని. ఫిట్టర్ల జాబితా ఆ సాయంత్రమే ఖాయం చేస్తారట.

నేను కూర్చుని రాశాను. "పంపు లోపాన్ని సాఫ్ట్‌వేర్ ముందుగా గుర్తించింది. ఫిట్టరు ఎర్రయ్య గుర్తించలేకపోయారు. పైగా లోపం లేని ఫ్యానును అనుమానించారు." మూడే వాక్యాలు, చక్కటి వాక్యాలు. పంపేశాను.

పంపు ఇంకా విప్పలేదు.

హెడ్డాఫీసు తొందర పెట్టిందని తర్వాత నేను అందరితో అన్నాను. అది సాకు. నా సాఫ్ట్‌వేర్ గెలిచిందని నాకు లోలోపల మహా సంబరంగా ఉంది. ఆ సంబరంలో, చూడకుండా వార్త రాసేశాను. ఇది మూడో తప్పు. పాత డెస్కు ఇన్‌చార్జి ఉంటే పేపర్‌వెయిట్ విసిరేవారు.

విప్పిన పంపు తిరిగింది

రెండో నంబరు పంపు నడిపి, ఒకటో నంబరు ఆపాం. విప్పింది ఎర్రయ్యే. దాని మీది సెన్సారు పీకి గోనెపట్టా మీద పక్కన పెట్టాడు. పంపు ఎలా ఉందో కళ్ళారా చూడాలని సస్మిత కూడా పొద్దుటి రైల్లో పలాసలో దిగి వచ్చేసింది. మధ్యాహ్నానికి బేరింగ్ బయటికి వచ్చింది. ఎర్రయ్య దాన్ని కిరసనాయిల్లో ముంచి, తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"మొకం సూసుకో మావా. అద్దంలాగుంది."

నిజంగానే అద్దంలా ఉంది. అందులో నా మొహం బాగా కనిపించింది. ఆ క్షణంలో నేను చూడదలచుకున్న ఆఖరి వస్తువు అది.

అప్పుడే కంట్రోల్ రూములో గంట మోగింది. చక్రధర్ గారు తెర చూసి, "ఫ్యాను ఆగిపోయింది! ఫ్యాను ఆగిపోయింది!" అని బయటికి పరుగు. ఆయన పరుగెత్తడం ప్లాంటులో ఎవరూ అంతకుముందు చూడలేదు. వెనక మేమంతా. లోపల తన ప్యానెల్ ముందు కూర్చున్న ఆపరేటర్ "తిరుగుతోంది సార్, ఫ్యాను తిరుగుతోంది" అని అరుస్తున్నాడు గానీ ఎవరు వింటారు? యార్డులో నిలబడి అందరం తలలెత్తి చిమ్నీ చూశాం. పొగ నిదానంగా, మమ్మల్ని పట్టించుకోకుండా, పైకి పోతోంది. ఫ్యాను హోరుమని తిరుగుతోంది.

మళ్ళీ అందరం లోపలికి పరుగు. తెర మీద ఫ్యాను: ఆగింది. ఒకటో నంబరు పంపు: తిరుగుతోంది, తీవ్రమైన వణుకు.

కిటికీలోంచి చూస్తే పంపు గోనెపట్టా మీద ముప్పై ముక్కలుగా పడి ఉంది.

ఎర్రయ్య చేతులు తుడుచుకుంటూ వెనకాల వచ్చాడు. తెర చూశాడు. కిటికీలోంచి పంపును చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"మావా, నానిప్పిన పంపుని ఎవుడు బిగించినాడు?"

సస్మిత అప్పటికే బయటికి పరుగెత్తింది. గోనెపట్టా మీది సెన్సారు తిప్పి, వెనక చీమ తలకాయలంత అంకెలు చదివింది. అక్కడినుంచి ఫ్యాను దగ్గరికి. "ఏక, దుయి..." అని రెండు అంకెలు లెక్కపెట్టి, అక్కడే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళు.

ఫ్యాను సెన్సారు పంపు మీద ఉంది. పంపు సెన్సారు ఫ్యాను మీద ఉంది. టర్బైన్ మీదిది ఎత్తు అందక రమణమ్మ బృందం దాని జోలికి పోలేదు కాబట్టి బతికిపోయింది.

రమణమ్మను పిలిచాం. ఆవిడకు ఇందులో నేరం ఏమీ కనిపించలేదు.

"కడిగినప్పుడు అడ్డమని తీసినాం. వాటికీ ఇంత పసుపు రాసినాం. మళ్ళీ ఎక్కడ బోసిగా ఉంటే అక్కడెట్టినాం. రెండూ ఒక్కలాగే ఉంటే ఏది నీళ్ళదో ఏది పొగదో నాకేటి తెలుత్తాది బాబూ? నువ్వు పక్కనే పులిహోర తింటన్నావు కదేటి, సెప్పకపోయావా?"

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను, ఆపుకోలేక. ముందు నవ్వు ఆపింది సస్మితే.

"సార్, అంటే నాలుగు రోజులుగా ఎక్కుతున్న గ్రాఫు... ఫ్యానుది."

లోడు తగ్గించుకుంటూ వచ్చి ఫ్యాను ఆపాం. బేరింగ్ లోపల గోళీలను పట్టి ఉంచే పంజరం చీలి ఉంది, గోళీల మీద పెచ్చులు లేచి ఉన్నాయి. ఇంకెంతకాలం ఆగేదో నేను చెప్పలేను, ఎక్కువ కాలం మాత్రం కాదు. ఎర్రయ్య దాన్ని వేలితో గీకి చూపించాడు. "ఇదిగో మావా, పీత."

గమనించండి, సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. ఎర్రయ్య తప్పు చెప్పలేదు. ఇద్దరూ ఒకే రోగిని పట్టుకున్నారు. మధ్యలో రోగి పేరు తప్పు రాసుకున్నవాణ్ణి నేను. సెన్సారు చెప్పేది నిజమే, కానీ అది ఎవరి ఒంటి మీద కూర్చుని చెబుతోందో దానికి తెలియదు. అది వెళ్ళి చూసి రావడం మన పని. ఫ్యాను ఉన్నట్టుండి మరీ నున్నబడితే గంట కొట్టి ఉండేది కూడా, నేను దాని నోరు కట్టెయ్యకపోతే. తగ్గడం కూడా వార్తే అని ఆ పిల్ల చెప్పనే చెప్పింది.

సవరణ

నవ్వులన్నీ అయ్యాక రిపోర్టు గుర్తొచ్చింది. అప్పటికి సాయంత్రం కావస్తోంది.

చక్రధర్ గారి గదికి వెళ్ళాను. ఆయన నీళ్ళు తాగి అన్నారు, "ఇప్పుడు తప్పని రాస్తే బాగున్న పంపు విప్పామని బయటపడుతుందండీ. నాలుగు రోజులు ఆగండి. మెల్లగా ఫోన్‌లో చెబుదాం."

"ఈ సాయంత్రమే ఎర్రయ్య పేరు వెళ్ళిపోతుందండీ."

ఆయన మళ్ళీ నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

నాకు టెక్కలి రోజులు గుర్తొచ్చాయి. ఒకసారి బతికున్న పెద్దమనిషిని చనిపోయాడని రాశాను. మర్నాడు ఆయనే పేపరు పట్టుకుని మా గది మెట్లెక్కి వచ్చాడు. సవరణ వేశాం, లోపలి పేజీలో, అడుగున, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన. ఆయన మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. "చచ్చిపోయింది ముందు పేజీలోనూ, బతికింది లోపలి పేజీలోనూనా బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్ళూ బాకీ పడి ఉంది.

మెయిల్ పైన అందరికీ కనిపించే చోట రాశాను: సవరణ: ఎర్రయ్య చెప్పిందే నిజం. కింద జరిగింది జరిగినట్టు రాశాను. గంట ఆపించింది నేను. పళ్ళెంలో సెన్సార్లు చూసి కూడా పట్టించుకోనిది నేను. పంపు విప్పకముందే రిపోర్టు పంపింది నేను. ఫ్యాను లోపాన్ని సాఫ్ట్‌వేరూ ఎర్రయ్యా ఇద్దరూ పట్టారు. అది ఫ్యానేనని తెలిసింది మాత్రం ఎర్రయ్య ఒక్కడికే.

పంపేముందు చక్రధర్ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు. చదివి, కీబోర్డు తన వైపు లాక్కుని, చివర ఒక వాక్యం ఆయనే కలిపారు: "పంపు విప్పమని ఆదేశించింది నేను." పంపే బటన్ కూడా ఆయనే నొక్కారు. అప్పటినుంచి ఆయన రంగుల పిచ్చి గురించి నేను ఎవరి దగ్గరా ఎగతాళి చేయలేదు. ఇవాళ రాయడం తప్పిస్తే.

బయట ఎర్రయ్య ఫ్యానుకు కొత్త బేరింగ్ ఎక్కిస్తున్నాడు. తన పేరు ఏ జాబితాలో ఉందో అతనికి తెలుసు. అయినా అడిగింది గ్రీజు డబ్బా ఒక్కటే. అందించాను.

మర్నాడు పదకొండు గంటలకు జవాబు. "ఫిట్టర్ల జాబితాలో మార్పు లేదు. సెన్సార్లు మళ్ళీ తారుమారు కాకుండా ఏం చర్యలు తీసుకున్నారో తెలపండి." రెండో వాక్యం నేను సరిగ్గా చదవనే లేదు. ప్రింటు తీసిన కాగితం పట్టుకుని యార్డులోకి పరుగెత్తాను. చక్రధర్ గారి కన్నా వేగంగానే అని రమణమ్మ తర్వాత తీర్పిచ్చింది. ఎర్రయ్య విని, "అయితే గుజరాత్ లేదన్నమాట" అని, స్క్రూడ్రైవర్ తుడవకుండానే జేబులో పెట్టుకున్నాడు.

చర్యల సంగతి రమణమ్మ చూసుకుంది. సస్మిత అతికించిన స్టిక్కర్లు వేడికీ ఊక దుమ్ముకీ వారంలో రాలిపోయాయి. అప్పుడు ఆవిడ వచ్చి, "ఫ్యానుకి ఒక బొట్టు, పంపుకి రెండు, టర్బైన్‌కి మూడు. బిళ్ళకీ అన్నే, మిషన్‌కీ అన్నే. సదువు రాకపోయినా సరిపోద్ది" అని ఎర్ర ఎనామిల్ రంగుతో స్వయంగా పెట్టేసింది. సస్మితకు అది ఎంత నచ్చిందంటే, సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సెన్సారు పేరు పక్కన "బొట్టు" అని ఒక గడి కొత్తగా చేర్చింది.

కొన్ని వారాలకు హెడ్డాఫీసు నుంచి ఎవరో కొత్త ఇంజనీరు రాశాడు. "పట్టికలో బొట్టు విలువలు ఒకటి, రెండు, మూడు అని ఉన్నాయి. ఇది ఏ యూనిట్లలో?" రమణమ్మకు చదివి వినిపించాను.

"కుంకంలో అని రాసెయ్ బాబూ."

అలాగే రాశాను. మళ్ళీ ప్రశ్న రాలేదు.

నేను రిటైరైపోయాను. పిల్లలకు చెప్పవలసింది చాలా ఉందనుకుని కూర్చున్నాను, రాస్తే ఇంతే వచ్చింది. మీ తెర పచ్చగా ఉన్న రోజున లేచి వెళ్ళి యంత్రం పక్కన ఒకసారి నిలబడండి. అక్కడ ఒక ఎర్రయ్య ఉండొచ్చు. ఉంటే, నిన్న అది ఎలా వినిపించిందో అతన్ని అడగండి.

మా ఎర్రయ్య మొన్న ఫోన్ చేశాడు. పలకరింపులయ్యాక, "మావా, ఉండు, ఒకటి ఇను" అని ఫోన్ తీసుకెళ్ళి యంత్రానికి ఆనించాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాను. గుయ్యిమంది. ఇన్నేళ్ళ అనుభవాన్నంతా చెవిలోకి తెచ్చుకుని విన్నాను. పీత లేదు, ఇసుక లేదు, దాహం లేదు.

"నున్నగా ఉందయ్యా ఫ్యాను. బంగారంలా ఉంది" అన్నాను.

అవతల రమణమ్మ నవ్వు ముందుగా వినిపించింది.

"ఫ్యాను కాదు మావా" అన్నాడు ఎర్రయ్య. "పంపు."